ఇంటి గుట్టు ఎవరికి చేటు?

'ఇంటి గుట్టు లంకకు చేటు' అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. కానీ ఆ ఇంట్లో దాగింది నేరమైతే? అప్పుడూ ఇల్లాలు నోరు కట్టుకుని కూర్చోవాల్సిందేనా? ఇటలీలో సిసిలీ దీవిలోని చీనిసీ అనే ఊళ్లో ఒక తల్లికి ఈ ప్రశ్నే ఎదురైంది.

ఆమె పేరు ఫెలీచా. 1947లో లుయీజీ ఇంపస్తాతోని పెళ్లాడింది. అతనిది మాఫియాతో సంబంధాలున్న కుటుంబం. ఆడపడుచు భర్త చేజరె మంజెల్లా అయితే ఏకంగా ఆ ఊరి మాఫియాకి పెద్ద! 1963లో ఆయన్ని కారుబాంబుతో చంపేశారు. అప్పటికి ఫెలీచా పెద్దకొడుకు పెప్పీనోకి పదిహేనేళ్లు. మామయ్య చావుతో ఆ పిల్లాడికి ఆ బతుకంటేనే ఏవగింపు పుట్టింది.

పెద్దయ్యాక మాఫియాను దుయ్యబడుతూ పత్రికలో రాశాడు. తండ్రి ఇంట్లోంచి గెంటేశాడు. ఇక ఆ తల్లి బతుకు అడకత్తెరలో పోకచెక్కే! కట్టుకున్నవాడు ఒకవైపు, కన్నకొడుకు మరోవైపు. భర్త ఇంట్లో లేనప్పుడు కొడుకుని పిలిచి కడుపుకింత పెట్టి పంపేది.

మంజెల్లా తర్వాత పెద్దరికం గయెతానో బదలమెంతీకి దక్కింది. వాళ్లింటి నుంచి అతని ఇంటికి వంద అడుగులేస్తే చాలునట! 1977లో పెప్పీనో రేడియో పెట్టి అతన్ని పేరుపెట్టి వెక్కిరించాడు. ఆ ఏడే తండ్రి కారు గుద్ది చనిపోయాడు. ఎంత కోపమున్నా కొడుక్కి అడ్డుగోడ ఆయనే. ఆ గోడ కూలింది. 1978 మే 9న పెప్పీనోని చంపి, రైలుపట్టాల మీద పేల్చేశారు. పట్టాలకి బాంబు పెట్టబోయి తనే పోయాడని పోలీసులు తేల్చేశారు.

ఫెలీచా ఊరుకోలేదు. భర్త తరఫు మాఫియా చుట్టాలతో తెగతెంపులు చేసుకుని కోర్టుకెక్కింది. రక్తానికి రక్తం వద్దంది, న్యాయం కావాలంది. ఎనభై దాటిన వయసులో సాక్ష్యం చెప్పింది. 2002లో బదలమెంతీకి యావజ్జీవ శిక్ష పడింది. ఇరవై నాలుగేళ్లు! ఆ తీర్పు చెవులారా విన్నాక, 2004లో ఆమె కన్నుమూసింది. ఆ ఇంటి తలుపులు ఇప్పుడు అందరికీ తెరిచే ఉంటాయి.

మన ఇళ్లలో మాఫియాలు లేకపోవచ్చు. కానీ పరువు పేరుతో దాచే తప్పులు లేవంటారా? తాగొచ్చి చెయ్యి చేసుకునే కొడుకు, కోడలి నగలు అమ్ముకునే మామగారు... గుట్టు దాచేముందు, ఆ దాపరికం ఎవరిని కాపాడుతోందో, ఎవరిని బలిపెడుతోందో ఒక్క నిమిషం ఆలోచించండి. గుట్టు బయటపడితే కూలేది రావణుడి లంకైతే, కూలనివ్వండమ్మా!