తాగేవాళ్లంతా ఒక్క తీరు కాదు

క్రూ లాబీలో డ్యూటీ ఎక్కే లోకో పైలట్ ముందు గొట్టంలోకి ఊదాలి. మీటరు మద్యం చూపిస్తే ఆ పూట ఇంజనెక్కే ప్రసక్తి లేదు. ప్రయాణికుల ప్రాణాలతో ముడిపడిన ఏర్పాటిది, ఉండి తీరాలి. కానీ అది తేల్చేది తాగాడా లేదా అన్న ఒక్క ముక్కే. ఎందుకు తాగాడన్నది దానికి పట్టదు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు వచ్చి స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో ఆ ప్రశ్న వేసుకోవాలి. ఇలాంటి రైల్వే ఊళ్లో రెండు రకాల తాగుబోతుల్ని ఊహించడం కష్టం కాదు. ఒకడు జీతాల రోజున జట్టును వెంటేసుకుని, పందెం కట్టి మరీ సీసా ఖాళీ చేసే దూకుడు మనిషి. ఇంకొకడు నైట్ డ్యూటీ దిగి, క్వార్టర్ తలుపు వేసుకుని, అప్పు సంగతో కూతురి పెళ్లి సంగతో తలుచుకుంటూ ఒంటరిగా తాగేవాడు. మొదటివాడికి కావలసింది ఉత్సాహం, రెండోవాడికి ఉపశమనం. దుడుకుతనం, తేలిగ్గా కలవరపడే స్వభావం, క్రమశిక్షణ లేమి ఉన్నవాళ్లలో తాగుడు ముదిరే ముప్పు ఎక్కువని ఎన్నో పరిశోధనలు చెబుతున్నాయి. ఇద్దరికీ ఒకే ఉపన్యాసం ఇస్తే ఇద్దరికీ ఎక్కదు.

అలాగని స్వభావాన్ని తలరాత చేయకూడదు. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవారు దాదాపు 16 కోట్లు. తాగుడు సమస్యకు సాయం అవసరమైనవారు 5.7 కోట్లకు పైనే. అంటే తాగే ప్రతివాడూ బానిస కాడు. అమెరికన్ మానసిక వైద్యుడు జార్జ్ వైలెంట్ వందలాది పురుషుల జీవితాలను దశాబ్దాల పాటు గమనించి, 1983లో ఇంకో హెచ్చరిక చేశాడు: తాగుబోతుల్లో మనం చూసే చాలా అవలక్షణాలు తాగుడు తెచ్చిపెట్టినవే. 'వాడి బుద్ధే అంత' అని చేతులు దులుపుకునే ఇరుగుపొరుగు, బంధువులు, పై అధికారులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

పిల్లల దగ్గరే మొదలుపెడితే ఫలితం ఉంటుందనడానికి ఆధారముంది. లండన్ పాఠశాలల్లో విద్యార్థులను స్వభావాన్ని బట్టి చిన్న బృందాలుగా విడదీసి, ఎవరికి తగ్గ మెళకువలు వాళ్లకు రెండేసి సమావేశాల్లో నేర్పితే, రెండేళ్ల తర్వాత కూడా వారిలో తాగుడు తక్కువగా కనిపించింది. మన రైల్వే కాలనీల బళ్లలో ఇది అసాధ్యమేమీ కాదు.

పెద్దలకైతే, రైల్వే ఎలాగూ చేయించే నియమిత వైద్య పరీక్షల్లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పది ప్రశ్నల 'ఆడిట్' పరీక్ష చేర్చవచ్చు. జవాబులు గోప్యంగా ఉండాలి, స్వయంగా సాయం అడిగినవాడి ఉద్యోగానికి ముప్పు రాకూడదు. అతనితో మాట్లాడే కౌన్సెలర్‌కు తెలుగు కూడా రావాలి. లేదంటే తలుపు వేసుకుని తాగేవాడు నోరు విప్పడు. అతను డ్యూటీకి తాగకుండా వచ్చినన్నాళ్లూ మీటరుకూ దొరకడు.