దాన్నే అడగండి

"అమ్మాయి అలసిపోయిందాండీ?" అని కోచ్ నన్నడుగుతాడు. 400 మీటర్లు పరిగెత్తి, మోకాళ్ళ మీద చేతులానించి రొప్పుతున్నది నా కూతురు. గొడుగేసుకుని గట్టు మీద కూచున్నది నేను. జవాబు మాత్రం నేనే చెప్పాలి! బుద్ధిమాంద్యం అని ముద్ర పడ్డ పిల్లకి అలసట కూడా అమ్మ నోటితోనే రావాలి కాబోలు.

నాలుగు మాటలు ఒకేసారి చెబితే దానికి అందవు. ఒక్కటి చెప్పి, చేసి చూపించి, కాసేపు ఆగితే అందుతుంది. ఆ ఆగడమే ఆయనకి చేతకాదు.

మొన్న గొంతు తగ్గించి ఇంకో సలహా ఇచ్చాడు. "నెలనెలా ఈ బాధెందుకమ్మా, గర్భసంచి తీయించెయ్యండి, ప్రాక్టీసు ఆగదు." 1994లో పూణే ససూన్ ఆసుపత్రిలో శిరూర్ వసతిగృహం అమ్మాయిలకి శుభ్రత పేరుతో చేసిందదే. అప్పుడు మహిళా సంఘాలు గొడవ చేశాయి. ఇప్పుడదే మాట పిల్ల బాగుకోసమంటూ మైదానంలోకొచ్చింది.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లలో పరిగెత్తి కంచు పతకం తెచ్చింది. చిన్నప్పుడు ఊళ్ళో పడ్డ వెక్కిరింతలు ఆమె తల్లిదండ్రులు చెప్పుకున్నారు. మర్యాద దక్కడానికి అంత వేగం కావాలా? నా కూతురికి ఎన్నటికీ రాదది.

శరీరం మీద హక్కు గురించి మనం ఎన్ని వ్యాసాలు రాశాం! (నేనూ రాశాను.) వాటిలో ఈ పిల్లలెక్కడ?

"దాన్నే అడగండి" అన్నాను కోచ్‌తో. అడిగాడు. అది చాలాసేపు ఆలోచించి, "నీళ్ళు" అంది.