తరగతి గదిలో రైతు కథ

వరిలో జింక్ సల్ఫేటును భాస్వరపు ఎరువుతో కలిపి వేయరాదని, రెండింటి మధ్య 2–3 రోజుల ఎడం ఉండాలని విద్యార్థులు పరీక్షలో చక్కగా వ్రాస్తారు. రైతు ఎందుకు కలిపి చల్లుతున్నాడో అడిగితే మౌనం వహిస్తారు. రెండుసార్లు చల్లడమంటే రెండుసార్లు కూలి. ఈ కారణం రైతు నోటనే వినాలి.

అందుకే గ్రామీణ వ్యవసాయ కార్యానుభవానికి వెళ్ళే ప్రతి విద్యార్థి ఒక రైతు నిర్ణయాన్ని, ఆయన అనుమతితో, ఆయన గొంతుతోనే 3 నిమిషాల వీడియో కథగా రూపొందించాలి. 2006లో బెంగళూరులో పరిశోధనగా ఆరంభమైన డిజిటల్ గ్రీన్, స్థానిక రైతుల వీడియోలను గ్రామ బృందాలకు మధ్యమధ్య ఆపి చూపుతూ చర్చ జరిపించింది. తరగతిలోనూ కథను ఆపి, 'ఈ రైతుకు మీ సలహా ఏమిటి?' అని అడగాలి. మార్కులు చిత్రీకరణకు కాక, కారణాన్ని గ్రహించినందుకు ఇవ్వాలి. అప్పుడే మన సిఫారసులు రైతు పరిస్థితికి తగినట్లు ఉంటాయి.