యాస తప్పు కాదు, అచ్చుతప్పు తప్పే

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల క్రైస్తవ రచయితలు ప్రకటించే చిన్న పుస్తకాలను, కీర్తనల సంపుటాలను, కూడికల కరపత్రాలను కొన్నేళ్ళుగా చదువుతున్నాను. వాటిలోని మతాన్ని గురించి కాదు, అక్షరాన్ని గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. ఆ మాటలు పండితులలో కొందరికి రుచించవు. బోధకులలో కొందరికీ రుచించవు. ఇద్దరూ పాఠకుణ్ణి మరచిపోయినవారే గనుక ఇద్దరికీ ఒకచోటనే సమాధానం చెప్పటం మేలు.

మత సాహిత్యంలోని అచ్చుతప్పులతో అభ్యుదయ రచయితలకేం పని అని మన మిత్రులే అడగవచ్చు. పని ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్నూలు జిల్లా అక్షరాస్యత దాదాపు 60 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సగటు 67. ఈ పడమటి మండలాల నుంచి మిరప కోతకూ, పత్తి తీతకూ గుంటూరు వైపు వలసపోయే కుటుంబాల పిల్లలకు బడి నేటికీ సగంలోనే ఆగిపోతున్నది. అటువంటి ఇళ్ళలో, ముఖ్యంగా దళితవాడల్లో, కూలికి పోయి వచ్చిన మనిషి రాత్రిపూట వేలు పెట్టి కూడబలుక్కుని చదివే అచ్చు కాగితం చాలాచోట్ల ఒక కీర్తనల పుస్తకమే, ఒక కరపత్రమే. బాగా చదువుకున్నవాడు తప్పు కనిపిస్తే మనసులోనే దిద్దుకుని ముందుకు పోతాడు. కూడబలుక్కునే వాడికి ఆ అవకాశం లేదు. అర్థం కుదరకపోతే తప్పు పుస్తకానిదని అతడనుకోడు, తన చదువుదే అనుకుంటాడు. అచ్చుతప్పు చేసే అసలు అన్యాయం ఇది. రచయిత అశ్రద్ధకు జరిమానా చెల్లించేది పేద పాఠకుడు.

ఈ తప్పులు ఎలాంటివో చూద్దాం. సభకు పిలుపు అందుకుని వచ్చినవారు ‘ఆహూతులు’. దీర్ఘం పోగొట్టి ‘ఆహుతులందరికీ స్వాగతం’ అని అచ్చువేస్తే, అగ్నిలో పడవలసిన వాళ్ళందరికీ స్వాగతం చెప్పినట్టు. ‘గృహ ప్రార్థన’లోని సుడి జారి ‘గ్రహ ప్రార్థన’ అయితే, విగ్రహాన్నే కాదన్న ఇంట్లో నవగ్రహాలు వచ్చి కూర్చుంటాయి. బైబిళ్ళు ఇవ్వటం ‘ప్రదానం’. అది ‘ప్రధానం’ అయితే క్రైస్తవ కుటుంబాల వాడుకలో నిశ్చితార్థమని అర్థం. ‘అపేక్ష’ అంటే కోరిక, ‘ఉపేక్ష’ అంటే పట్టించుకోకపోవటం. ఒక్క అచ్చు మారితే దేవుడు మనిషిని కోరుకున్నాడా, వదిలేశాడా అన్నదే తారుమారు. సాక్షి మనిషి, సాక్ష్యం అతడు చెప్పే మాట. ఒకదాని చోట మరొకటి పడితే వాక్యం నిలవదు. ఇక థ వత్తులోని చుక్క పోయిందా, ‘అర్థం’ కాస్తా ‘అర్ధం’, అంటే సగం అవుతుంది. ‘ప్రార్థన’లో ఉన్నదీ ఆ అర్థమే. ‘ప్రార్ధన’ అనే మాట అసలు లేదు, కాని గోడల మీద అదే కనిపిస్తుంది.

ఈ జాబితా చదివి నవ్వుకునే పండితుణ్ణి ఒక్క క్షణం ఆగమంటాను. ఇందులో తప్పిన మాటలన్నీ ఏ జాతివి? అన్నీ సంస్కృతం నుంచి వచ్చినవే. పత్తి, మగ్గం, కూలి, బువ్వ అనే మాటలను ఈ రచయితలు తప్పు రాయగా నేను చూడలేదు. నోట లేని ఒత్తును చేత రాయమంటే చెయ్యి తడబడుతుంది. మరి నోట లేని మాటను ఎందుకు రాస్తున్నారు? ‘ఇంటి ప్రార్థన’ అంటే చాలు గదా, ‘పిలుపు అందుకుని వచ్చినవారు’ అంటే చాలు గదా! చాలదని తరతరాలుగా భయపెట్టినవారు ఈ పండితులే. ‘మిషన్ తెలుగు’ అని ఎగతాళి చేశారు. వాడలో పుట్టినవాడు రాస్తే అది భాష కాదన్నారు. ఆ ఎగతాళికి బెదిరి అతడు తనది కాని పట్టు అంగరఖా తొడుక్కున్నాడు. దాని గుండీలు తప్పుగా పెట్టుకున్నాడని మళ్ళీ వాళ్ళే నవ్వుతున్నారు.

అంతేకాదు, ఈ పండితులు యాసనూ తప్పులో కలుపుతారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిది. ఇక్కడి తెలుగులో కన్నడం ఉంది, ఉర్దూ ఉంది. ‘ఎక్కడ’ను ‘యాడ’ అనీ, ‘చాలా’ను ‘చానా’ అనీ రాస్తే అది దోషం కాదు; ఈ నేల పలుకు. దాన్ని ఎర్రసిరాతో కొట్టివేసేవాడు ప్రూఫులు దిద్దటం లేదు, మనుషులను దిద్దుతున్నాడు. రచయిత చెప్పదలచిన అర్థం పాఠకుడికి చేరకుండా అడ్డుపడేదే తప్పు. ఆ గీత దాటి దిద్దే అధికారం ఎవరికీ లేదు.

ఇప్పుడు రెండో పక్షం. “భావం ముఖ్యం, భాష కాదు, హృదయాన్ని చూసేవాడు ఒత్తులు చూడడు” అంటారు కొందరు బోధకులు. దేవుడు చూడడేమో, పాఠకుడు చూడాలి. ఈ మాట చెప్పేవారు తమ చరిత్రనే ఎరుగరు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వారు, ఆనందరాయరు అనే తెలుగు క్రైస్తవుడి సాయంతో సిద్ధం చేసిన మూడు సువార్తలు 1812లో సెరంపూరులో అచ్చయినాయి. కొత్త నిబంధన 1818లో వచ్చింది. మొత్తం బైబిలు వెలువడటానికి 1850ల దాకా పట్టింది; అటు తరువాతా దాన్ని దిద్దుతూనే వచ్చారు. ఒక మాట సరిపోలేదని మళ్ళీ మళ్ళీ కూర్చున్నవారి వారసులు నేడు “ఏదైతేనేం” అనటం భక్తి కాదు, బద్ధకం.

దిద్దటం శ్రమ అని తెలిసినవాడు సి.పి.బ్రౌన్. మిషనరీ కాదు, కుంపిణీ ఉద్యోగి. కడప బంగళాలో పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, ఒక్కొక్క గ్రంథానికి పలు ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి చూపించాడు. వేమన పద్యాల సంపుటం 1829లో వచ్చింది ఆ పట్టుదలతోనే. జీతమిచ్చి దిద్దించాడన్న సంగతి గమనించండి. నేడు కాగితానికీ, రంగుల అట్టకూ, ఫ్లెక్సీకీ డబ్బుంటుంది. ప్రూఫులు చూసినవాడికి మాత్రం కాఫీతో సరి. పాతకాలం అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడి వెనుక తప్పులు పట్టేవాడు మరొకడుండేవాడు. ఇప్పుడు ఫోన్‌లో గొంతుతో చెప్పినది అక్షరమై పడుతుంది, డి.టి.పి. కుర్రవాడు పేజీ లెక్కన కూలి తీసుకుని దాన్ని సర్దుతాడు, అటునుంచి నేరుగా యంత్రంలోకి. నడుమ చూసే కన్ను లేదు. ఆ కుర్రవాణ్ణి తిట్టి లాభం లేదు. అతడి కూలిలో దిద్దుబాటు లేదు.

గుర్రం జాషువా పేరు చెప్పకుండా ఈ చర్చ ముగియదు. కులం పేర అడుగడుగునా అవమానం పడిన ఆ కవి ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ప్రతి క్రైస్తవ రచయితా జాషువా అయితేనే గౌరవిస్తామనటం మళ్ళీ పండితుల బేరమే. కాని జాషువా అక్షరాన్ని అలంకారంగా కాదు, ఆయుధంగా పట్టాడు. ఆయుధానికి పదును పెట్టుకోవటం అగ్రవర్ణ లక్షణమని ఎవరన్నారు?

చేయవలసిన పని పెద్దది కాదు. రాసినవాడే దిద్దకూడదు, అతడి కన్ను తాను అనుకున్నదే చదువుతుంది. ఒకరు మూలం పైకి చదువుతుంటే మరొకరు ప్రూఫు చూడాలి. అధ్యాయాల అంకెలు, ఊర్ల పేర్లు, తేదీలు విడిగా సరిచూడాలి. తరచు తారుమారయ్యే మాటలను కాగితం మీద రాసి గోడకు అంటించాలి. అన్నిటికీ మించి, వాడలోని పాఠకుడొకడి చేత అచ్చుకు ముందే చదివించాలి. అతడు ఆగిన చోటల్లా రచయిత ఆగాలి. దిద్దినవాడికి కూలి ఇవ్వాలి, పుస్తకంలో అతడి పేరు వేయాలి. ఎమ్మిగనూరు నేతగాడు బట్ట మగ్గం దించాక పోగు తెగిందేమోనని వెలుతురుకు పట్టి చూస్తాడు. దాన్ని ఎవరూ పాండిత్య గర్వమనరు, పనితనమంటారు.

మన ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఈ పనికి ముందుకు రావాలి. విశ్వాసంతో మనకున్న పేచీ వేరు, అది వేదిక మీద తేల్చుకుందాం. చర్చినీ సంఘమంటారు, మనదీ సంఘమే. మన సభల ఆహ్వానాల్లోనూ ‘ఆహుతులు’ తక్కువేమీ లేరు. ఎవరి కాగితమైనా, దాన్ని వేలు పెట్టి చదివే మనిషి ఒక్కడే. వాడి ముందు పెట్టేది తప్పులు లేని తిండిగింజై ఉండాలి. రాళ్ళు ఏరుకు తినమనే హక్కు బోధకుడికీ లేదు, మనకూ లేదు.