అటకెక్కిన గాలం

మా నాయన గాలాన్ని అటక మీద దాచిపెట్టింది నేనే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను. ఇక్కణ్ణించి నేను పెట్టుకోబోయే పోట్లాటలో మొదటి ముద్దాయిని నేనే కనక, రెండో ముద్దాయిగా మిమ్మల్ని నిలబెట్టినా మీరు మరీ నొచ్చుకోరని నా ఆశ.

పోట్లాట దేనిమీదంటారా? "జాగ్రత్త" అనే మాట మీద. డెబ్భై దాటిన మనిషికి మన ఇళ్ళల్లో జరిగే సేవంతా ఈ ఒక్క మాటలో ఇమిడిపోయింది. ఎండగా ఉంది, జాగ్రత్త. మెట్లున్నాయి, జాగ్రత్త. ఒక్కడివే వెళ్ళకు, జాగ్రత్త. ఇన్ని జాగ్రత్తలు చెప్పేవాళ్ళలో "పద, నేనూ వస్తాను" అనేవాళ్ళు ఎందరో లెక్కపెట్టి చూడండి. ఒక చేతి వేళ్ళు చాలా మిగిలిపోతాయి.

మా నాయనది ఎమ్మిగనూరు. ఊరి పేరు చెప్పాక వృత్తి వేరే చెప్పనక్కర్లేదు. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టి, ఆ పనికే 1954లో పద్మశ్రీ అందుకున్న ఊరు అది. ఆ ఊళ్ళో గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని నాయన యాభై ఏళ్ళు కూర్చున్నాడు. వారానికి ఒక్క పూట మాత్రం ఆ గుంటలోంచి లేచి నాగలదిన్నె దగ్గర తుంగభద్ర ఒడ్డున కూర్చునేవాడు. చేతిలో వెదురు గాలం, నీళ్ళ మీద జొన్నదంటు బెండు, నెత్తి మీద ఆకాశం. వెంట మా అన్న. నేనూ వస్తానంటే అవ్వ ఒప్పుకునేది కాదు. "ఆడపిల్లకు గాలమేందే?" అనేది. పట్టుకొచ్చిన చేపలకు పొలుసు గీకడానికి మాత్రం ఆడపిల్లే కావాలి!

అమ్మ పోయాక మగ్గం అమ్మేశాం. నాయనను ఆదోనిలో మా ఇంటికి తెచ్చుకున్నాను. ఒక ట్రంకు పెట్టె, ఆ గాలం, ఇవే ఆయన సామాను. వచ్చిన నాలుగో రోజే "ఏటికాడికి పోయొస్తా పాపా" అన్నాడు. ఇంక చూడండి. అన్న బెంగుళూరు నుంచి ఫోన్ చేసి, "ఈ వయసులో చేపలేంది? జారిపడితే ఎవరు జవాబు చెప్తారు?" అన్నాడు. వీధిలో ఒకావిడ, "కూతురింట్లో కూరకు గతిలేదనుకోరూ?" అంది. మావారు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో కూడా ఒక అభిప్రాయం ఉంటుందని పెళ్ళయిన ఆడవాళ్ళకు నేను చెప్పాలా?

గాలం అటకెక్కింది.

మూడు రోజులు వెతికాడు. నాలుగో రోజు నుంచి అడగడం మానేశాడు. వీధి వాకిట్లో కుర్చీ వేసుకుని, పైపంచె అంచులోని పోగులు లాగడం, ముడి వెయ్యడం, విప్పడం. "మీ నాయన ఎంత బుద్ధిమంతుడమ్మా, కదలడు, మెదలడు" అని పక్కింటావిడ మెచ్చుకుంది. నాకూ ముచ్చటేసింది. సిగ్గులేకపోతే సరి!

ఆ బుద్ధిమంతుడు రెండు నెలలకు జారి పడనే పడ్డాడు. ఏటి ఒడ్డున కాదండీ, మా స్నానాలగదిలో, మెరిసే టైల్సు మీద. మణికట్టు బెణికి కట్టు పడింది. నేను పక్క గదిలోనే ఉన్నాను, ఎంతో జాగ్రత్తగా.

ఆ రాత్రి అన్న అడిగిన ప్రశ్నే నా చెవిలో తిరిగింది. "జారిపడితే ఎవరు జవాబు చెప్తారు?" ఆ ప్రశ్నలో నాయన ఎక్కడా లేడు. నలుగురికీ జవాబు చెప్పుకోవలసిన మనమే ఉన్నాం. మన పేరుకు దెబ్బ తగలకుండా ఒక మనిషిని కుర్చీకి కట్టేసి, దానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాం.

2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. కొడుకుతో పాటు కూతురిదీ బాధ్యతేనంది. పోషణంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అంది. ఇవి దొరకని పెద్దలు ట్రిబ్యునల్‌కు వెళితే, నెలకు పదివేలకు మించకుండా ఇప్పించవచ్చంది. మంచిదే. కానీ ఆ నాలుగూ మా ఇంట్లో నాయనకు లోటు లేకుండా జరిగాయి. ఏ ట్రిబ్యునల్ ముందు నిలబడినా నేను గెలిచేదాన్ని. తోడు అనే ఐదోదాన్ని చట్టంలో రాయలేరు. రాయలేదు కదా అని మనం తప్పించుకు తిరుగుతున్నాం.

హెమింగ్వే 1952లో వెలువరించిన 'ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ' మీలో చాలామంది చదివే ఉంటారు. ముసలాయన ఒంటరిగా సముద్రంలో పెద్ద చేపతో చేసిన పోరాటమని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం అందులో వేరే సంగతి కనిపిస్తుంది. ముసలాయనకు చేపలు పడటం లేదని ఆయనతో వెళ్ళే పిల్లవాణ్ణి తల్లిదండ్రులు వేరే పడవకు పంపేస్తారు. నడిసముద్రంలో ముసలాయన ఆ పిల్లవాడు ఉంటే బాగుండునని పదే పదే అనుకుంటాడు. ఆయనకు చేపలు తెలుసు, సముద్రమూ తెలుసు. పక్కన ఒక మనిషే లేడు.

"నది ప్రమాదం కాదా మరి?" అంటారు. కాదని ఎవరన్నారు? 2009 అక్టోబరులో ఇదే తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచింది, కర్నూలును ముంచింది. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు కొట్టుకుపోతే ఒడ్డు ఊళ్ళన్నీ బిక్కుబిక్కుమన్నాయి. ఇవన్నీ నాకంటే నాయనకే బాగా తెలుసు. డ్యాం నీళ్ళు వదిలారంటే ఏటి దిక్కే చూడడు. ఊరికి దగ్గర కదా, దిగువ కాలువ గట్టున కూర్చోరాదా అంటే, "కాలవను నమ్మగూడదు పాపా. గోడలు నున్నగుంటాయి, దిగినోడు ఎక్కలేడు" అన్నాడు. జాగ్రత్త ఆయనకు మనం నేర్పనక్కర్లేదు. ఆయన దగ్గరే కావలసినంత ఉంది.

పోయిన మాఘంలో ఒక ఆదివారం, గాలం అటక దించి, "పద నాయనా" అన్నాను. ఆయన గాలాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఎక్కడ దొరికిందని అడగలేదు. ఆ అడగకపోవడానికి నేను ఇప్పటికీ తల దించుకుంటాను.

బస్సులో ఎమ్మిగనూరు చేరి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. అక్కణ్ణించి ఆటోలో నాగలదిన్నె. నీళ్ళు తగ్గి మడుగులు కట్టి ఉన్నాయి. నాయన పుట్టి నడిపే వాళ్ళను పలకరించి, వాళ్ళ వలలకు ఎడంగా చోటు చూసుకున్నాడు. కొక్కేనికి దారం ముడి వెయ్యబోతే వేళ్ళు వణికాయి. ఒకసారి, రెండుసార్లు. నా చేతికిచ్చి, "తెగిన పోగు అతికినట్టే. మీ అమ్మ నేర్పిందే" అన్నాడు. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని కదా, వేళ్ళు మరిచిపోలేదు.

రెండు గంటలు ఏమీ మాట్లాడలేదు. మూడు చిన్న చేపలు పడ్డాయి. మరీ పసిదాన్ని ఒకదాన్ని వదిలేశాడు. అప్పుడు బెండు మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు:

"మీ అమ్మకు ఏరంటే శానా ఇష్టం. ఒగసారి నేనూ వస్తానన్యాది. ఆడోళ్ళు ఏంటికి అంటి. మళ్ళీ అడగలేదు. నిన్నూ పిలవకపోతిని."

ఈ మాట మా ఇంట్లో కుర్చీలో కూర్చుని పదేళ్ళకైనా చెప్పేవాడా? పక్కపక్కన కూర్చుని ఒకే బెండు వైపు చూస్తుంటే వచ్చే మాటలు, ఎదురెదురుగా కూర్చుని "మందులు వేసుకున్నావా?" అంటే రావు.

"మాకు తీరికేదమ్మా?" అంటారు. నిజమే. పెద్దల బరువంతా ఇంట్లో ఆడదాని నెత్తిన వేసి, ఇప్పుడు చేపలకు కూడా నువ్వే తీసుకుపో అనడానికి నాకు నోరు రాదు. అందుకే ఈ పోట్లాట మీ అన్నదమ్ములకు కూడా చేరవెయ్యండి. రోజూ ఫోన్లో పది జాగ్రత్తలు చెప్పే కొడుకు, నెలకు ఒక ఆదివారం వచ్చి పక్కన కూర్చోవచ్చు. డబ్బు పంపినంత తేలిక కాదు కనకనే అది చెయ్యాలి.

మీ అమ్మగారికి గాలం అక్కర్లేకపోవచ్చు. ఆవిడది పుట్టినూరి జాతర కావచ్చు, చిన్ననాటి స్నేహితురాలి ఇల్లు కావచ్చు. "ఈ వయసులో ఎందుకు?" అని మీరే ఎప్పుడో అటకెక్కించి ఉంటారు. ఒక్కసారి వెతికి చూడండి. అడగడం మానేశారంటే కోరిక తీరిందని కాదు.

నిన్న అన్న మళ్ళీ ఫోన్ చేశాడు. "నాయన జాగ్రత్త" అన్నాడు.

"ఆదివారం వచ్చి నువ్వే చెప్పుదువుగాని. ఎర్రలు తవ్వడానికి ఒక మనిషి తక్కువయ్యాడు" అన్నాను.