స్నేహానికి తీగ అడ్డమా?

"ముఖం చూడని స్నేహం ఏం స్నేహం? ఫోనులో పలకరించేవాడు కష్టమొస్తే పక్కన నిలబడతాడా?" అని పెద్దలు తరచూ అడుగుతుంటారు. ఒకే గదిలో పక్కపక్కన ట్రంకుపెట్టెలు పెట్టుకుని, ఒకే బకెట్టు నీళ్లు పంచుకుని పెరిగే హాస్టల్ విద్యార్థులకు ఈ మాట సబబుగానే తోస్తుంది. అయినా దీన్ని మేము పూర్తిగా ఒప్పుకోలేం. అందుకు జపాన్ ఎలక్ట్రానిక్ వస్తువుల చరిత్రనే సాక్ష్యంగా తెస్తున్నాం.

1945లో యుద్ధం ముగిసేనాటికి టోక్యో నగరం బూడిద కుప్ప. ఆ శిథిలాల మధ్య మసారు ఇబుకా అనే ఇంజనీరు రేడియోలు బాగుచేసే చిన్న దుకాణం తెరిచాడు. మామూలు రేడియోకు తగిలిస్తే షార్ట్‌వేవ్ ప్రసారాలు కూడా వినిపించే పరికరం తయారుచేశాడు. ఆ సంగతి అసాహి దినపత్రికలో చిన్న వార్తగా వచ్చింది. యుద్ధ సమయంలో ఇబుకాతో పరిచయమైన అకియో మొరిటా తన సొంత ఊళ్లో ఆ వార్త చదివి, వెంటనే ఉత్తరం రాశాడు. 1946 మే 7న వారు 1,90,000 యెన్‌ల పెట్టుబడితో ఒక కంపెనీ ప్రారంభించారు. 1955లో జపాన్‌లోనే మొదటి ట్రాన్సిస్టర్ రేడియోను ఆ కంపెనీయే అమ్మింది. 1958లో దాని పేరు సోనీగా మారింది. ఒక వార్త, ఒక ఉత్తరం తెగిపోయిన పరిచయాన్ని మళ్లీ కలపకపోతే ఆ కథ మరోలా ఉండేదేమో!

అదే కంపెనీ 1979 జులై 1న వాక్‌మన్‌ను విడుదల చేసింది. ధర 33,000 యెన్‌లు. ఆ మొదటి వాక్‌మన్‌కు హెడ్‌ఫోన్ పిన్నులు పెట్టే చోట్లు రెండున్నాయి. ఒక్కడే చెవులు మూసుకుని పాటలు వింటే పక్కవారికి అమర్యాదగా ఉంటుందని మొరిటా భావించాడు. అందుకే ఇద్దరూ కలిసి వినే ఏర్పాటు చేయించాడు. ఒక బటన్ నొక్కితే పాట తగ్గి, చిన్న మైకు ద్వారా ఒకరి మాట మరొకరికి వినబడేది. కానీ కొన్నవారు ఎవరికి వారే వినడానికి ఇష్టపడ్డారు. తరువాతి మోడళ్లలో ఆ బటన్ కనుమరుగైంది. యంత్రం స్నేహితుడికి చోటిచ్చింది, మనిషే ఆ చోటు వాడుకోలేదు. ఇందులో తప్పు యంత్రానిదా?

దీనికి పూర్తిగా భిన్నమైనది పేజర్ కథ. జపాన్‌లో పేజర్ సేవ 1968లో మొదలైంది. బయట తిరిగే ఉద్యోగిని ఆఫీసుకు ఫోన్ చేయమని హెచ్చరించడం దాని పని. 1987 నుంచి దాని మీద అంకెలు కనబడసాగాయి. అప్పుడు బడి పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, దాన్ని అందుకున్నారు. అంకెల ఉచ్చారణతోనే మాటలు అల్లారు. 0840 అంటే "ఒహయో", అంటే శుభోదయం. 4649 అంటే "యొరొషికు", పరిచయమైనప్పుడు మర్యాదగా చెప్పే మాట. పబ్లిక్ ఫోన్ల దగ్గర నిలబడి నాలుగంకెల్లో పలకరింపు పంపేవారు. 1996లో పేజర్ల సంఖ్య కోటి దాటింది. పేజర్ ద్వారానే పరిచయమై, ఒకరి ముఖం ఒకరు చూడని స్నేహితులకు "బెరుతొమొ" అనే కొత్త పేరే పుట్టింది. 1999లో సెల్‌ఫోనులో ఇంటర్నెట్ వచ్చాక ఆ స్నేహాలు ఈమెయిల్‌కు మారాయి. జపాన్‌లో చివరి పేజర్ సేవ 2019 సెప్టెంబర్‌లో ఆగిపోయింది. యంత్రం పోయింది, పలకరించే అలవాటు పోలేదు.

ఇందులో ప్రమాదం లేదని మేము అనడం లేదు. ఇంటర్నెట్ పరిచయాల ముసుగులో పిల్లలను మోసగించేవారు పెరగడంతో జపాన్ ప్రభుత్వం 2003లో ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చింది. కాబట్టి ముఖం తెలియని వ్యక్తి డబ్బు అడిగినా, ఫోటోలు అడిగినా, ఒంటరిగా రమ్మన్నా అది స్నేహం కాదని తమ్ముళ్లు, చెల్లెళ్లు గుర్తుంచుకోవాలి. వెంటనే ఇంట్లోవారికో, వార్డెన్ గారికో చెప్పాలి.

అయితే కత్తితో వేలు తెగుతుందని కూర తరగడం మానుకోం కదా! పదో తరగతి పరీక్షలు కాగానే మన హాస్టల్ మిత్రులు తలా ఒక దిక్కుకు పోతారు. ఒకరు ఇంటర్‌కు, ఒకరు ఐటీఐకి, మరొకరు కుటుంబ భారం మోయడానికి కూలి పనికి. మన ఇళ్లలో దారి చెప్పగలిగే చదువుకున్నవారు తక్కువ. ఏ కోర్సులో చేరాలి, స్కాలర్‌షిప్‌కు ఏ సర్టిఫికెట్ కావాలి అని అడగడానికి మనకున్నది ముందు బ్యాచ్‌ల అన్నలు, అక్కలే. వారిలో చాలామందిని మేము ఎన్నడూ చూడలేదు. చూడకపోయినా వారు మావారే. ఈ దూరాన్ని దాటించే తీగ ఫోను కాక మరేమిటి?

అందుకే పూర్వ విద్యార్థులకు మా మనవి ఒక్కటే. గ్రూపులో పొద్దున్నే పువ్వుల బొమ్మ పంపడంతో మన బాధ్యత తీరిపోదు. ఒక తమ్ముడు సందేహం అడిగితే రెండు ముక్కలు జవాబు రాయండి. తెలియకపోతే తెలిసినవారి నంబరు ఇవ్వండి. మధ్యలో చదువు ఆపేసినవాడు గ్రూపులో మౌనంగా ఉంటే, మీరే ఫోన్ చేసి "ఏరా, ఎలా ఉన్నావు?" అని అడగండి. నాలుగంకెలతోనే ఆ పిల్లలు ఒకరికొకరు తోడైనప్పుడు, చేతిలో ఇన్ని సౌకర్యాలున్న మనం పలకకపోతే ఆ లోపం తీగది కాదు, మనది.