మెరుపులేని నల్లరాయి

క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారు వంటగట్టు కొరకు రాతి దుకాణములకు పోయి నేడు తరచుగా అడుగుచున్నది తళతళలాడు బండను కాదు. నల్లగా ఉండవలెను గాని మెరయరాదు, దీపకాంతి దానిపై పడి కన్నులలో గుచ్చరాదు అని వారి కోరిక. వంటయిల్లు గోడల మాటున దాగియుండక ముందుగదిలోనికి తెరచికొని వచ్చిన ఈ కాలమున, పైకప్పులోని దీపములన్నియు గట్టుమీద ప్రతిఫలించి చికాకు కలిగించుచుండగా, ఇట్టి అభిరుచి పుట్టుట సహజమే. నేనును దానిని మెచ్చుకొనువాడనే. అయితే దుకాణదారుడు వరుసగా నిలిపి చూపు పలకలలో ఏది రాయి, ఏది రాతిపొడిని జిగురుతో ముద్దచేసి తయారుచేసినది, ఏది పులుపునకు ఓర్చును, ఏది ఓర్వదు అను విచారణ జరుగకయే, కేవలము కంటి తీర్పుతో బేరము ముగిసిపోవుచున్నది. మన నేలలో దొరకు నల్లరాయినే, అదియును లెదర్ ఫినిష్ అని పిలుచు పనితనముతో, ఎంచుకొనుట మేలని నా నిశ్చితాభిప్రాయము. అందులకు కారణములు కొన్ని రాతి గుణమునకు చెందినవి. అంతకంటె ముఖ్యమైనది ఆ రాయిని కోయువాని ఊపిరికి చెందినది.

ముందుగా రంగు సంగతి చెప్పవలెను, ఏలయన మెరుపులేని నలుపును కోరుట రాతి స్వభావమునకు కొంత ఎదురు నడచుటయే. నల్లరాయిని సానపట్టి నునుపు చేసినప్పుడు దానిపై పడిన వెలుతురులో అధికభాగము లోపలి ఖనిజములలో ఇంకిపోయి, మిగిలినది ఒకే దిక్కునకు తిరిగి పోవును; నలుపు గాఢముగా కనిపించుట అందువలననే. అదే రాయిని గరుకుగా విడిచినచో వెలుతురు అన్ని దిక్కులకు చెదరి, తెల్లదనము పైకి తేలి, నలుపు కాస్తా బూడిదవన్నెకు దిగును. దుకాణములో హోన్డ్ అని చెప్పు మెరుగుతీయని పలకపై తడిచేతితో రాచి చూడుడు: తడిసినంత మేర కాటుకవలె నల్లబడి, ఆరిన వెంటనే మరల వెలవెలబోవును. వంటయింట నీటితోపాటు నూనెయు పడును. నూనె ఆరునది కాదు. పోపు చిటపటలాడినప్పుడు ఎగిరిన ప్రతి చుక్కయు, అప్పడములు వేయించిన చేతివ్రేళ్ల గుర్తులును నల్లమచ్చలై ఆ బూడిదవన్నె బండపై నిలిచిపోవును. లెదర్ ఫినిష్ ఈ చిక్కును చాలవరకు తీర్చినది. వజ్రపురజను పొదిగిన బ్రష్షులతో రుద్దగా మెత్తని భాగములు కొంచెము అరిగి, గట్టివి నిలిచి, పలక ఎగుడుదిగుడుగా కనిపించుచునే చేతికి నున్నగా తగులును. మెరుపు విరిగిపోవును గాని నలుపు నిలుచును. చపాతీలను నేరుగా గట్టుమీదనే ఒత్తు అలవాటున్న ఇంటికి మాత్రము ఇది అంతగా సరిపడదు, పల్లములలో పిండి చేరి గట్టిపడును గనుక. అట్టివారు పీట వాడుకొనవలసినదే.

మెరుపులేని నల్లబండ అనగానే మనవారికి మొదట జ్ఞప్తికి వచ్చునది కడప రాయి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతములలో పొరలుపొరలుగా లేచు ఆ నాపరాయి ఎన్నో మధ్యతరగతి వంటయిండ్లకు గట్టై, మహారాష్ట్రము వరకును పోయి పేరు తెచ్చుకొన్నది. చవుకైనది, చల్లనైనది, పుట్టుకతోనే మెరుపు తక్కువైనది. దానియందు నాకు గౌరవము కొదువ లేదు. కాని అది సున్నపురాయి. పులుపు దానికి ఆజన్మశత్రువు. పులిహోర కలిపిన దినమున చింతపండు గుజ్జు ఒలికి కొంతసేపు నిలిచిన చోటును తుడిచి చూచినచో, నలుపు పోయి తెల్లని వలయము మిగిలియుండును. అది మురికి కాదు గనుక తోమినను పోదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము రాతిని తినివేసిన గుర్తు అది. నిమ్మరసమును అంతే. పైగా ఖనిజముల గట్టిదనమును కొలుచు మోస్ మానమున సున్నపురాతి ఖనిజము స్థానము 3 మాత్రమే కాగా, చాకు ఉక్కు 5కు పైబడియుండుటచేత, కూరలు తరుగు చోట గీతలు తప్పవు. ఊరగాయ లేక ముద్ద దిగని మన ఇండ్లలో ఈ రాయి అలమర అరలకు, సామాను గది బల్లలకు ఎంతో యోగ్యము. పొయ్యి ప్రక్కన మాత్రము దానిని హింసపెట్టినట్లే యగును.

అంగడిలో బ్లాక్ గ్రానైట్ అని అమ్ముడగు రాళ్లు భూగర్భశాస్త్రదృష్టితో చూచిన గ్రానైట్లే కావు. ఇదియే వాని సుగుణము. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో త్రవ్వు బ్లాక్ గెలాక్సీ గాబ్రో జాతి శిల. అందు మినుకుమను బంగారు చుక్కలు బ్రాంజైట్ అను ఖనిజపు రేకులు. ఖమ్మం, వరంగల్లు, చిత్తూరు ప్రాంతములలో దొరకు చుక్కలేని నల్లరాయి డోలరైట్. ప్రాచీనశిలల పగుళ్లలోనికి క్రిందినుండి శిలాద్రవము ఎగదన్ని, గోడలుగా గడ్డకట్టగా ఏర్పడినది. వీనిలో ప్రధానములైన ఖనిజములు మోస్ మానమున 6 ప్రాంతమున ఉండును. చింతపులుపుగాని నిమ్మపులుపుగాని వానిని ఏమియు చేయజాలదు. పొయ్యిమీదినుండి దింపిన బాణలిని పెట్టినను రంగు మారదు. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడిలోని మదనికలు ఇట్టి నల్లరాతిలోనే రూపొందినవి. ఎనిమిది శతాబ్దముల పిదపను వాని మెడలోని హారముల సన్నని అంచులు చెడకయుండుట చూచినవారికి ఈ రాతి ఓర్పును గూర్చి మరియొకరు చెప్పవలసిన పనిలేదు. బంగారు చుక్కలు ఇష్టములేనివారు డోలరైటునే అడుగవలెను.

ఏకరీతియైన నలుపునకు క్వార్ట్జ్ పలకను మించినది లేదని అమ్మకందార్లు చెప్పుదురు. రంగు మాట వరకు అది అసత్యము కాదు. ఇటలీలోని బ్రెటన్ సంస్థ రూపొందించిన పద్ధతిని ఇంచుమించు తొంబది పాళ్లు క్వార్ట్జ్ పొడికి రెసిన్ అను జిగురును, రంగును కలిపి, గాలి తీసివేసి, అదిమి ఈ పలకలను చేయుదురు. విశాఖ సమీపమున అచ్యుతాపురములోను, హైదరాబాదు చెంతను ఇవి తయారై అమెరికాకు పోవుచున్నవి. అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబము ఎంచుకొన్న గట్టు తాము విడిచివచ్చిన నేలనుండి పోయినదే కావచ్చును. కాని రెసిన్ వేడికి ఓర్వదు. ఇంచుమించు 150 డిగ్రీలు దాటినచో మచ్చపడుటయో, బీటవారుటయో జరుగును, మన నూనె బాణలి అంతకంటె వేడిగా ఉండును. అయినను నా అభ్యంతరము అంతటితో ఆగునది కాదు. ఆ పలకను కోయునప్పుడు లేచు ధూళిలో అధికభాగము స్ఫటికరూపమైన సిలికా. అది ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ కలిగించును. ఆ వ్యాధిని మాన్పు మందు నేటికిని లేదు. 1997 మొదలు 2010 వరకు ఊపిరితిత్తుల మార్పిడి కొరకు తమ వద్దకు పంపబడిన కృత్రిమశిలా కార్మికులు 25 మందిని గూర్చి ఇజ్రాయెల్ వైద్యులు 2012లో ప్రకటించిరి. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుండి ఇట్టి పలకల తయారీని, అమ్మకమును, అమరికను దేశమంతట నిషేధించినది. మంద్‌సౌర్ బలపముల కర్మాగారములలో కార్మికులు ఇదే వ్యాధితో కృశించిన చరిత్ర గల మన దేశమున అట్టి నిషేధము లేదు. డోలరైట్, గాబ్రోలలో స్వేచ్ఛాస్థితిలోని సిలికా మిక్కిలి స్వల్పము. నిజమైన గ్రానైటులో సైతము అయిదవ వంతుకు తక్కువ కాదు. ఇంతటి భేదమున్నప్పుడు, కేవలము రంగు సమానముగా పరచుకొన్నదను సుఖము కొరకు మరియొకని ఊపిరిని పణము పెట్టుటకు నా మనసొప్పదు.

ఇక ఖనిజపు పొడిని అదిమి అధికమైన వేడిలో కాల్చి చేయు సింటర్డ్ పలకలు వేడికి, పులుపునకు ఓర్చునవే. కాని సన్నని వాని అంచులు దెబ్బకు పెచ్చులూడును. గట్టుమీద కొబ్బరికాయ కొట్టి, అల్లము దంచు మన వంటయింటికి అవి సుకుమారములు.

నల్లరాయిని ఎంచుకొన్నవారికి రెండు మాటలు. లేతరాయికి రంగువేసి నల్లగా అమ్ముటయు కలదు. గోళ్లరంగు తుడుచు ఎసిటోనులో తెల్లని దూదిని ముంచి రాచినచో, దూది నల్లబడిన పలకను విడువవలెను. బోరునీటి ఊళ్లలో కుళాయి చుట్టు సున్నపుపొర తెల్లగా కట్టును, నలుపుమీద అది మరింతగా కనిపించును. పని ముగియగనే పొడిగుడ్డతో తుడుచుట తప్ప వేరు ఉపాయము లేదు. బియ్యపు గింజ ఈ గట్టుపై దూరమునుండియే కనిపించును గాని, ఒలికిన ఆవాలు కనిపింపవు. అలమర అడుగున ఒక దీపమును అమర్చుకొనుట అవసరము.

రాయి ఏదైనను దానిని పొడిగా కోయరాదు. సింకు, పొయ్యిల కొలతలు ముందే ఇచ్చి, రంధ్రములను దుకాణములోనే నీటిధార క్రింద కోయించి తెప్పించుకొనుట సాధ్యమైయుండగా, నేడు అధికముగా జరుగుచున్నది వేరు: పలక ఇంటికి చేరిన పిదప, తలుపులు మూసిన గదిలో, ముక్కునకు తువ్వాలు చుట్టుకొన్న కుర్రవాడు చేతిగ్రైండరుతో కోయుచుండగా గదియంతయు దుమ్ముతో నిండును. ఆ తువ్వాలు అంతటి సూక్ష్మధూళిని ఆపజాలదు. చప్పుడు తమ నిద్రకు భంగము గనుక డ్రిల్లింగునకు వేళలు నిర్ణయించుచున్న అపార్టుమెంటు సంఘములు తమ ఆవరణలో పొడికోతను నిషేధించు నియమమును ఈ నెల సమావేశముననే చేర్చుకొనవచ్చును. కార్మికశాఖ రాతి దుకాణములను తనిఖీ చేసి, నీటిధార లేని కోతయంత్రమును ఒక్కదానినైనను నడువనీయరాదు.